ముప్పయ్యో కిలోమీటరు దగ్గర మెస్ లిస్టు

"ఆ లిస్టు ఇలా ఇవ్వండి, సుగుణమ్మగారూ."

"ఇవ్వనండి. మెస్ లిస్టు మూడు నెలలు భద్రంగా ఉంచాలని గోడకి కాగితం అంటించింది మీరే."

"అది మెస్ కాదు కదమ్మా. రోడ్డు. రోడ్డు మీద నాలుగు గ్లాసులు పెట్టి నీళ్ళిచ్చారు, అంతే."

"నా బల్ల ఎక్కడ వేస్తే అక్కడే మెస్సండి. వచ్చి తాగినవాడికి టిక్ పెట్టాను. రానివాడికి పెట్టలేదు."

"ఒక్క టిక్. పెన్ను నేనిస్తాను."

"పెన్ను నా దగ్గరే ఉందండి."

ఈ మాటలు నడిచింది దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో మా కేటరింగ్ కంపెనీ వంటశాల వెనక, బియ్యం బస్తాలు పెట్టుకునే గదిలో, ఒక శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకి. అడిగింది మా మేనేజరు ప్రభాకర్ గారు, విజయవాడ మనిషి. ఇవ్వనన్నది నేను. ఆ గొడవ ఎందుకొచ్చిందో చెప్పాలంటే రేసు డ్యూటీ సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

ఇక్కడ ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు అయిపోయిన మరుసటి చలికాలం, జనవరిలో నన్ను ఆ డ్యూటీ మీద వేశారు. అప్పటికి నేను మెస్ ఇన్‌చార్జిని. ఈ పనిలో మెట్లు ఇలా ఉంటాయి. గిన్నెలు తోమేవాడు హెల్పరు. కూర తరిగేవాడు అసిస్టెంటు. పొయ్యి దగ్గర నిలబడేవాడు కుక్కు. ఎవరికి ఎంత వడ్డించాలో చెప్పేది ఇన్‌చార్జి. ఆ పైన మేనేజరు, ఆయనకి వంట రానవసరం లేదు. నేను మొదట ఖద్దామాగా, అంటే అరబ్బుల ఇంట్లో పనిమనిషిగా, ఈ దేశం వచ్చి, తర్వాత కంపెనీలో హెల్పరుగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కాను. చదివింది అయిదో తరగతి. పేర్లూ అంకెలూ రాయడం వచ్చు. హిందీ, ఇంగ్లీషు మాట్లాడటం ఇక్కడే నేర్చుకున్నాను. మెస్ నడపడానికి అంతకంటే అక్కర్లేదు. అంతకంటే చదివినవాళ్ళు నడిపిన మెస్సులు కూడా చూశాను.

మెస్ లిస్టు అంటే ఏమిటో ముందు చెప్పాలి. క్యాంపులో ప్రతి మనిషికీ ఒక నంబరుంటుంది. కంచం పట్టుకుని తాడు వెంబడి వరుసలో వస్తాడు, నంబరు చెబుతాడు, నేను కాగితం మీద ఆ నంబరు పక్కన టిక్ పెడతాను, అప్పుడే గరిటె కదులుతుంది. ఒక మనిషికి ఒక టిక్. ఇది లేకపోతే మొదటి బస్సులో వచ్చినవాళ్ళు రెండుసార్లు తింటారు, చివరి బస్సులో వచ్చినవాళ్ళు గుండిగ అడుగు గీరుకుంటారు. నా పద్ధతిని పీనాసితనం అనేవాళ్ళున్నారు. చివరి బస్సువాళ్ళు మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఇక రేసు సంగతి. మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్లూ, ఆ పైన కొన్ని మీటర్లూ. ఆ కొన్ని మీటర్లు ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆ రేసు నడిపించే పని ఒక ఫ్రెంచాయనకి అప్పగించారు. బెన్వా సారు అనేవాళ్ళం. ఆయనది ఫ్రాన్స్ దేశంలో ఉత్తరపు కొస, సముద్రం పక్కన ఒక ఊరు. అక్కడ ఇరవై ఏళ్ళు రేసులు నడిపాడట. మాకు శిక్షణ ఇచ్చిన మొదటి రోజు రెండు గంటలసేపు తన ఊరి గురించే చెప్పాడు. అక్కడ నేలంతా చదునుగా ఉంటుందట, ఎప్పుడూ వానేనట, సముద్రపు గాలి మనిషిని వెనక్కి తోస్తుందట. రాళ్ళు పరిచిన పాత వీధుల్లో పరిగెత్తుతారట. బొగ్గు గనులు మూసేశాక మిగిలిన మట్టి గుట్టలుంటే వాటి మీదకి కూడా పరిగెత్తి ఎక్కుతారట. జనం గుమ్మాల దగ్గర నిలబడి పంచదార బిళ్ళలూ నారింజ తొనలూ అందిస్తారట. చివర వేయించిన బంగాళదుంపలూ బీరూ. నా పక్కన కూర్చున్న మా స్టోర్ కీపరు, బొగ్గంతా తీసేశాక ఆ గుట్ట మీదకి ఎందుకెక్కుతారని హిందీలో అడిగాడు. ఎవరో దాన్ని ఇంగ్లీషులో చెబితే, దిగడానికి అని బెన్వా సారు జవాబిచ్చాడు. మంచివాడే.

ఆయన మాకొక ఫైలిచ్చాడు. వాళ్ళ ఊరి రేసుకి రాసుకున్న పద్ధతులు వాళ్ళ భాష నుంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి హిందీలోకి మార్పించిన ఫైలు. స్టోర్ కీపరు నాకు చదివి వినిపించాడు. అందులో దోహా అన్న మాట మొదటి పేజీలో తప్ప ఎక్కడా లేదు. వాన మొదలైతే బల్లల మీద టార్పాలిన్ కప్పాలని ఉంది. చేతి తొడుగులు పారేసుకున్నవాళ్ళ కోసం ఒక పెట్టె పెట్టాలని ఉంది. రోడ్డు మీదకి ఆవులొస్తే ఫలానా నంబరుకి ఫోన్ చేయాలని ఉంది. ఆ పెట్టె నిజంగానే పెట్టారు. రోజంతా అది ఖాళీగా ఉంది. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర వేడి సూపు ఇవ్వాలని కూడా ఉంది. ఆ ముప్పయ్యో కిలోమీటరు బల్లే నాకిచ్చారు.

జనవరి పొద్దున దోహాలో చలి ఉంటుంది, కాదనను. కానీ ముప్పై కిలోమీటర్లు పరిగెత్తేసరికి తొమ్మిదవుతుంది. ఎండ చురుక్కుమనే వేళకి మనిషి నోట్లో మాంసం సూపు పోస్తే ఏమవుతుందో చెప్పడానికి వంటమనిషే కావాలా? బెన్వా సారుకి అదే చెప్పాను. ఫైల్లో సూపు అని ఉందన్నాడు. చివరికి మిరియాల చారు పెడతానన్నాను. అది ఏమిటని అడిగాడు. పలచని సూపు అని చెప్పాను. సూపు అన్న మాట వినబడింది కనుక ఒప్పుకున్నాడు.

కప్పుల దగ్గర మాత్రం మాటామాటా వచ్చింది. పరిగెత్తేవాళ్ళు అట్ట కప్పు అందుకుని, పరిగెత్తుతూనే ఒక గుక్క తాగి, మిగతాది నెత్తి మీదో నేల మీదో పోసి, కప్పు రోడ్డు మీద పారేస్తారట. తర్వాత ఊడ్చేస్తారట. మీ ఊళ్ళో నీళ్ళు ఆకాశం నుంచి పడతాయి, ఈ దేశంలో సముద్రాన్ని కాచి ఉప్పు తీస్తే గానీ గుక్కెడు నీళ్ళు రావు, అది నేల మీద పోస్తుంటే నేను చూస్తూ నిలబడలేను అన్నాను. ఆయన నవ్వి, బల్ల నీది, బాధ్యత నీది అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నేను కాగితం మీద రాసి మేనేజరుకి పంపాను: స్టీలు గ్లాసులు మూడు వందలు, తాడు రెండు చుట్టలు, గుంజలు ఎనిమిది, లిస్టు ఒకటి. ప్రభాకర్ గారు సంతకం పెట్టి పంపారు. నా కాగితాలు చదవకుండా సంతకం పెట్టడం ఆయనకి అలవాటు. అప్పట్లో అది నామీద నమ్మకం అనుకునేదాన్ని.

ఆయన ధ్యాసంతా అప్పుడు వేరే చోట ఉంది. రెండేళ్ళుగా ఆయన పొద్దున్నే సముద్రపు ఒడ్డున ఆఫీసు స్నేహితులతో పరిగెత్తుతున్నారు. గుండె ఎంత కొట్టుకుందో చెప్పే గడియారం ఒకటి కొన్నారు. దాన్ని మాక్కూడా చూపించేవారు. ఈ రేసులో కంపెనీల విభాగం అని ఒకటి పెట్టారు. సరుకులూ మనుషులూ సరఫరా చేసిన కంపెనీల వాళ్ళలో మొదట వచ్చినవాడిని వసంతంలో జరిగే తమ ఊరి రేసుకి తీసుకెళ్తానని బెన్వా సారు ప్రకటించాడు. టిక్కెట్టు, వీసా కాగితాలు, ఆయనింట్లోనే బస. ఆ రోజు నుంచి మా మేనేజరు గదిలో ఉత్తర ఫ్రాన్స్ పటం వేలాడింది, దాని మీద ఎర్ర గుండుసూది. గెలవకముందే ఊళ్ళో బంధువులందరికీ చెప్పేశారని డ్రైవర్లు అనుకునేవారు.

మా కంపెనీ పేరు మీద ఇరవై మంది పరిగెత్తాలని ఒప్పందం. ఆఫీసులో ఆరుగురు దొరికారు. మిగతా పద్నాలుగు మంది పేర్లూ బర్వా అల్ బరాహాలో ఉండే మా క్యాంపు వాళ్ళవి రాశారు. పరిగెత్తుతావా అని ఎవరూ అడగలేదు. టీషర్టు సైజు మాత్రం అడిగారు. అందులో మల్లేశం ఒకడు. జగిత్యాల వైపు మనిషి, నలభై ఒకటో ఏడు, భోజనం డబ్బాలు వ్యానులోకి ఎక్కించే లోడరు. బస్సులో కూర్చుంటే నిద్ర పడతదని రోజూ క్యాంపు నుంచి వంటశాల దాకా పరిగెత్తుకుంటూ వచ్చే అలవాటు అతనిది. రేసుకి ఏషియన్ టౌన్లో కొత్త బూట్లు కొన్నాడు. ఇంటికి ఫోన్ చేసి చెబితే వాళ్ళమ్మ, దుబాయ్‌ల బస్సులు బందైనయా బిడ్డా అని అడిగిందట.

నాకు ఆ నెల ఇంకో కాగితం కూడా నడుస్తోంది. నాకు అరవై నిండబోతున్నాయి. అరవై దాటినవాళ్ళని ఉంచుకోవాలంటే 'ఈమె అవసరం' అని మేనేజరు సిఫారసు రాయడం మా కంపెనీ పద్ధతి. అది రాస్తే ఇంకో రెండేళ్ళు. రాయకపోతే ఇంటికి. మనవరాలు రాజమండ్రిలో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. నేను ఇంకో రెండేళ్ళు నిలబడితే దాని చదువు నిలబడుతుంది. అంతకుమించి నాకు ఆ కాగితంతో పనిలేదు. ఆ కాగితం ప్రభాకర్ గారి బల్ల మీద ఉంది.

రేసు రోజు శుక్రవారం. ఈ దేశంలో చర్చి ప్రార్థన ఆ రోజే. అది మానుకుని తెల్లవారుజామున నాలుగింటికే బల్ల దగ్గరికి చేరాను. ముప్పయ్యో కిలోమీటరు ఉన్న చోటు ఇలా ఉంటుంది. ఇరవై ఏడు దగ్గర రోడ్డు ఎడమకి తిరిగి, ఖాళీ మైదానం చుట్టూ తిరిగి, ముప్పై మూడు దగ్గర మళ్ళీ అదే రోడ్డు మీదకి వస్తుంది. ఇరవై ఏడుకీ ముప్పై మూడుకీ మధ్య ప్లాస్టిక్ కోన్ల వరుస. ఇటు నుంచి అటు నాలుగడుగులు. మైదానం ఆ చివర, ఎవరికీ కనబడని చోట, నా బల్ల.

పరిగెత్తేవాళ్ళ బూటుకి ఒక చిప్పు కడతారు. దారిలో అక్కడక్కడ రబ్బరు చాప పరుస్తారు. దాని మీద కాలు పడితే మనిషి ఆ చోటు దాటినట్టు కంప్యూటర్లో పడుతుంది. అలాంటి చాప ఒకటి నా బల్ల ముందు కూడా పరిచారు. మా నీళ్ళ ట్యాంకరు వెనక్కి తీసేటప్పుడు ఆ చాపకి తగిలించిన పెట్టె మీద నుంచి వెళ్ళింది. లైటు ఆరిపోయింది. కుర్రవాడెవడో వచ్చి చూసి, అరబ్బీలో మాఫీ, అంటే లేదు, ఇక పనిచేయదు అని వెళ్ళిపోయాడు. ఆ తప్పు మా ట్యాంకరుది, అంటే నాది.

నేను మెస్సులో కట్టినట్టే తాడు కట్టించాను. గ్లాసులు బోర్లించాను. నీళ్ళు ఒక పక్క, చారు ఒక పక్క. ముగ్గురు నేపాలీ హెల్పర్లు వడ్డన, నేను లిస్టు. అందరి ఛాతీ మీదా నంబర్లు పెద్దవిగా ఉన్నాయి. ఆ రకంగా మెస్సు కంటే సులువు.

మొదట వచ్చిన సన్నటి మనుషులు పదిమంది నా తాడునీ నన్నూ లెక్కచేయలేదు. గాలిలా పోయారు. నంబర్లు మాత్రం రాసుకోగలిగాను. తర్వాత గుంపు మొదలైంది. చేయి చాచుకుంటూ వచ్చి ఆగారు, తాడు చూశారు. లైన్, లైన్ అన్నాను. ఒక జర్మన్ ఆయన ఇదేమిటన్నాడు. నీళ్ళు అన్నాను. కప్పు ఏదన్నాడు. గ్లాసు ఇచ్చి, పూర్తిగా తాగి ఇక్కడే పెట్టమన్నాను. క్యాంపుల నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఎవరూ చెప్పకుండానే వరుసలో నిలబడి నంబరు చెప్పారు. వాళ్ళకి అందులో వింతేమీ కనబడలేదు. ఆఫీసుల వాళ్ళు వాళ్ళ వెనక నిలబడి గడియారాలు చూసుకుంటూ నాకు తెలియని భాషల్లో నన్ను తిట్టారు. ఒక సమయంలో తాడు మధ్య నలభై మంది ఉన్నారు.

మల్లేశం వచ్చాడు. బూట్లు విప్పి మెడలో వేసుకున్నాడు. వాటికి చిప్పుందని పారేయలేదట.

"జెర జల్ది టిక్కు కొట్టమ్మా."

గ్లాసు ఇచ్చాను. ఒక్క గుక్కలో తాగి మళ్ళీ చాచాడు. ఒక మనిషికి ఒకటే అన్నాను.

"ముప్పై కిలోమీటర్లు ఉరికొచ్చినోనికి గూడ ఒక్క గిలాసేనా అమ్మా?"

సగం పోశాను. నా ఉద్యోగంలో టిక్ అయ్యాక రెండోసారి పోసింది అదొక్కసారే.

ఎవరికీ ఒంట్లో తేడా చేయలేదు. ఒక్క చుక్క నేల మీద పడలేదు. మూడు వందల గ్లాసులు ఇచ్చినవి ఇచ్చినట్టే తిరిగొచ్చాయి. బల్ల సర్దుతూ చాలా బాగా చేశానని అనుకున్నాను. అనుకున్నది తప్పని తర్వాత తెలిసింది. ఒకావిడ ఏడాదిపాటు పొద్దున్నే లేచి తయారైందట. అనుకున్న సమయం కంటే రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది. ఆ రెండు నిమిషాలూ నా తాడు దగ్గర పోయాయి. రేసు ముగిసిన చోట ఆవిడ నా ఎదురుగానే కూర్చుని ఏడ్చింది. నేను పోయించిన చారు ఆవిడకి ఆ రెండు నిమిషాలు తెచ్చిపెట్టలేదు.

మధ్యాహ్నం టెంటు కింద బహుమతులిచ్చారు. కంపెనీల విభాగంలో మొదట మా ప్రభాకర్ గారు, నంబరు 214. పదకొండు నిమిషాలు వెనక, రెండో స్థానంలో, మల్లేశం. మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. మేనేజరు మైకు తీసుకుని ఇంగ్లీషులో మాట్లాడారు. చాలామందికి కృతజ్ఞతలు చెప్పారు. చివర మా వైపు చెయ్యి చూపించి, తన సొంత సిబ్బందిని మర్చిపోలేనన్నారు. అందరికీ కష్టమైన ముప్పయ్యో కిలోమీటరు దగ్గర, అడుగు ఆపకుండా, పరిగెత్తుతూనే అందుకున్న ఆ వేడి సూపే తనని గెలిపించిందన్నారు. అంత వేగంగా అందించిన సుగుణమ్మగారికి ప్రత్యేకంగా ధన్యవాదాలన్నారు.

ముందు ఆ జర్మన్ ఆయన గట్టిగా నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఆ పొద్దున నా తాడు చూడకుండా ఆ చోటు దాటిన మనిషి ఆ టెంటులో ఒక్కడే ఉన్నాడని అందరికీ ఒకేసారి తెలిసింది. ప్రభాకర్ గారు తన మాటలకి మెచ్చుకుని నవ్వారనుకుని ఆయన కూడా కాస్త నవ్వారు. అసలెందుకు నవ్వారో ఆయనకి తర్వాత ఎవరు చెప్పారో నాకు తెలీదు.

బెన్వా సారు నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, ఆ చాప పనిచేయలేదని తనకి తెలుసనీ, నువ్వు నంబర్లు రాయడం చాలామంది చూశారనీ, ఆ కాగితం రేపు పొద్దున ఎనిమిదింటికి రేసు ఆఫీసుకి పట్టుకురమ్మనీ చెప్పాడు. నేను సరేనన్నాను. ఆయన వెళ్ళాక లిస్టు తీసి చూశాను. 213కి టిక్ ఉంది. 215కి ఉంది. మధ్యలో లేదు.

సాయంత్రం ప్రభాకర్ గారు బియ్యం గదిలోకి వచ్చారు. మొదట రాసిన మాటలు అక్కడివే. పెన్ను నా దగ్గరే ఉందన్నాక ఆయన బస్తా మీద కూర్చున్నారు. మేనేజరు బస్తా మీద కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

"ఇరవై ఏడు దగ్గర మోకాలు పట్టేసిందమ్మా. పక్కన కూర్చున్నాను. కోన్ల అవతల జనం పోతున్నారు. మానేద్దామనే దాటాను. దాటగానే ఎవరో చప్పట్లు కొట్టారు."

"చప్పట్లు కొడితే పరిగెత్తేస్తారా అండీ?"

"నలభై ఏడేళ్ళొచ్చాయి. నాకెప్పుడూ ఎవరూ కొట్టలేదు."

నాకు జాలేసింది. జాలేస్తే చారు పోయగలను. ఆ మాటే చెప్పాను. ఆయనకి కోపమొచ్చింది. మల్లేశానికి ఫ్రాన్స్ ఎందుకు, అది ఎక్కడుందో కూడా అతనికి తెలీదు కదా అన్నారు. నాకూ తెలీదన్నాను. మూడు వందల గ్లాసులు, తాడు ఎవరినడిగి పట్టుకెళ్ళారన్నారు. సంతకం చూపించాను.

"మీ కాగితం నా బల్ల మీదుంది. రేపు పది గంటలకి పంపాలి. ఏం రాయమంటారు?"

"ఉన్నది రాయండి. నేను అవసరమో కాదో మీకు తెలుసు కదండీ."

"మనవరాలి చదువు అన్నారు ఆ రోజు."

"అన్నానండి."

"ఆలోచించుకోండి మరి." ఆయన లేచి, ప్యాంటుకి అంటిన బియ్యప్పిండి దులుపుకుని వెళ్ళిపోయారు.

నేను ఆలోచించలేదని చెబితే అబద్ధం. ఆ గదిలో పది నిమిషాలు ఒక్కదాన్నే కూర్చున్నాను. పెన్ను మూత తీశాను కూడా. టిక్ అంటే చిన్న గీత, చెయ్యి కదిలినంతసేపు పట్టదు. ఎవరి కంచంలోనూ మెతుకు తగ్గదు. మల్లేశం ఫ్రాన్స్ అడగలేదు. నర్సింగ్ చదువు మాత్రం మా ఇంట్లో అడిగారు. ఇలా అన్నీ ఒక పక్కనే పడుతున్నాయి. అప్పుడు లిస్టు మొదటి నుంచీ చదివాను. ఆ తాడు దగ్గర నిలబెట్టి నేను ఎవరెవరి సమయం పాడుచేశానో అందరి నంబర్లూ అందులో ఉన్నాయి. ఏడ్చినావిడ నంబరూ ఉంది. నిలబడనివాడికి కూడా టిక్ పెడితే, నిలబడ్డవాళ్ళకి నేను చెప్పుకోడానికి ఇంకేమీ మిగలదు. పెన్ను మూత పెట్టేశాను.

ఈ డ్యూటీ వల్ల నేను నేర్చుకున్నది, ఈ పనిలోకి రాబోయేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. పరిగెత్తేవాళ్ళకి వరుస పెట్టకూడదు. వాళ్ళకి అట్ట కప్పులే ఇవ్వాలి, సగమే నింపాలి, పారేసినవి మనమే ఏరుకోవాలి. ఒక చోట మంచిదైన పద్ధతి ఇంకో చోటికి మోసుకెళ్ళేముందు ఆ చోటు చూడాలి. ఆ తప్పు బెన్వా సారూ చేశాడు, నేనూ చేశాను. ఆయన ఆవుల కోసం ఫోన్ నంబరు పెట్టాడు, నేను తాడు కట్టాను. రాయడం మొదలుపెట్టిన లిస్టు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలి. అది ఎవరు చదువుతారో రాసేటప్పుడు మనకి తెలీదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి లిస్టు బెన్వా సారు చేతికిచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. ఆయన వేలుతో వెతికి 214 దగ్గర ఆగాడు. కంప్యూటర్లో ఆ నంబరు కొట్టేశాడు. నాకు థాంక్యూ చెప్పాడు. ఇక మీదట తన రేసుల్లో ఎక్కడా నాకు బల్ల ఇవ్వనని కూడా చెప్పాడు. రెండూ న్యాయమే.

తొమ్మిదింటికి వంటశాలకొచ్చి మల్లేశానికి సంగతి చెప్పాను. అతను వ్యానులోకి డబ్బా ఎక్కిస్తూ విన్నాడు. ఆ డబ్బా దించలేదు.

"గా ఫ్రాన్స్‌కాడికెంచి ఇంటికి పోనిస్తరా అమ్మా, మల్ల ఈడికే రావాల్నా?"

కనుక్కుంటానన్నాను.

పదింటికి ఆఫీసు నుంచి నా కాగితం నకలు వచ్చింది. సిఫారసు గడిలో 'అవసరం లేదు' అని రాసి ఉంది, కింద ప్రభాకర్ గారి సంతకం. మడిచి జాకెట్లో పెట్టుకుని పప్పు తాలింపు వేశాను. పన్నెండింటికి మొదటి బస్సు వచ్చింది.